మీకు తెలుసా? హెచ్‌ఐవీ నడిచిన దారులు

2010 కల్లా భారతదేశంలో హెచ్‌ఐవీ సోకినవాళ్లు రెండు కోట్ల నుంచి రెండున్నర కోట్ల దాకా ఉంటారని 2002లో అమెరికా నేషనల్ ఇంటెలిజెన్స్ కౌన్సిల్ అంచనా కట్టింది. ఆ నివేదికలో మరే దేశానికీ అంత పెద్ద అంకె వేయలేదు. తీరా 2010 వచ్చేసరికి మన దేశంలో హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు పాతిక లక్షల లోపేనని తేలింది. చెప్పినదాంట్లో పదో వంతు. మరి మిగతా తొమ్మిది వంతులు ఏమైనట్టు?

కొంత లెక్కల పొరపాటు. కొంత, ఈ జబ్బు జనంలో ఏ దారిన పాకుతుందో సరిగ్గా పట్టుకోలేకపోవడం. మిగిలింది వేలమంది మనుషుల కష్టం. మూడింటినీ విడదీసి చూస్తే ఒక దేశంలో హెచ్‌ఐవీ ఎలా నడుస్తుందో చాలావరకు అర్థమవుతుంది.

పసుపు రంగుకు తిరిగిన ఆరు నమూనాలు

1986 మొదట్లో మన దేశంలో హెచ్‌ఐవీ లేదన్నదే చాలామంది నమ్మకం. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే డాక్టర్ సునీతి సోలోమన్‌కు మాత్రం వెతికి చూడాలనిపించింది. ఆ పని ఆవిడ దగ్గర పీజీ చేస్తున్న సెల్లప్పన్ నిర్మలకు అప్పగించారు. పోలీసులు పట్టుకొచ్చిన సెక్స్ వర్కర్లను ఉంచే ప్రభుత్వ సదనానికి వెళ్లి, వాళ్లను ఒప్పించి, నిర్మల వాళ్ల రక్తం సేకరించారు. సీరం వేరుచేసి దాచడానికి తగిన చోటు లేక ఇంట్లో ఫ్రిజ్‌లోనే పెట్టుకున్నారు.

హెచ్‌ఐవీని పట్టే ఎలైజా పరీక్ష చేసే సదుపాయం అప్పుడు మద్రాసులో లేదు, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఉంది. నిర్మల, ఆవిడ భర్త కలిసి నమూనాలను ఐసు డబ్బాలో పెట్టుకుని రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగారు. పరీక్ష పలక మీద ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగాయి. నమ్మబుద్ధి కాక మళ్లీ చేశారు. మళ్లీ అదే రంగు. తర్వాత అమెరికాలో కూడా పరీక్షించి ఖాయం చేశారు. దేశంలో హెచ్‌ఐవీ ఉందని అధికారికంగా తెలిసింది అలా.

సునీతి సోలోమన్ ఆ తర్వాత 1993లో చెన్నైలో వైఆర్‌జీ కేర్ అనే సంస్థను నెలకొల్పి, 2015లో కన్నుమూసేదాకా హెచ్‌ఐవీ రోగుల మధ్యే పనిచేశారు. ఆవిడ పోయాక 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ఆ కథలో నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఒకటుంది. ఆ ఆరుగురికీ అది ఎవరో ఒకరి నుంచి వచ్చిందే. అయినా ఆ మగవాళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇది 'ఆ ఆడవాళ్ల జబ్బు' అన్న ముద్ర ఆనాడే పడింది, దాన్ని చెరపడానికి దశాబ్దాలు పట్టింది.

పదివేలకు ఎనిమిది

హెచ్‌ఐవీ అంత తేలిగ్గా అంటుకునే వైరస్ కాదని మీకు తెలుసా? అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కట్టిన లెక్క చూడండి. మందులు వాడని పాజిటివ్ పురుషుడితో కండోమ్ లేకుండా ఒకసారి కలిస్తే స్త్రీకి సోకే అవకాశం పదివేలకు సుమారు 8. మలమార్గంలో అయితే స్వీకరించేవారికి పదివేలకు 138. వాడిన సిరంజినే మరొకరు వాడి మత్తుమందు ఎక్కించుకుంటే 63. వైరస్ ఉన్న రక్తం ఎక్కిస్తే 9,250. ఒకే కంచంలో తిన్నా, చెయ్యి కలిపినా, దోమ కుట్టినా సున్నా.

పదివేలకు ఎనిమిదే అయితే లక్షలమందికి ఎలా పాకింది? సాంక్రమిక వ్యాధుల శాస్త్రం మూడు ప్రశ్నలు వేస్తుంది. ఒక్కో కలయికలో అంటుకునే అవకాశం ఎంత? ఒక మనిషి ఎంతమందితో కలుస్తాడు? అతని ఒంట్లో వైరస్ ఇతరులకు అంటించే స్థితిలో ఎంతకాలం ఉంటుంది? ఈ మూడింటినీ గుణిస్తే వచ్చే అంకె ఒకటి దాటిందంటే జబ్బు పెరుగుతుంది, ఒకటికి తగ్గితే మెల్లగా అణగిపోతుంది. మందు లేని మనిషి ఒంట్లో హెచ్‌ఐవీ ఏళ్ల తరబడి ఉంటుంది. అంటుకునే అవకాశం తక్కువే అయినా అంత వ్యవధి దొరికింది కాబట్టే అది నెగ్గుకొచ్చింది.

ఇంకో చిక్కు ఉంది. వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లో రక్తంలో దాని సంఖ్య విపరీతంగా ఉంటుంది. ఇతరులకు సోకే ప్రమాదం బాగా ఎక్కువ ఉండే రోజులవే. సరిగ్గా ఆ రోజుల్లోనే పరీక్షలో నెగిటివ్ వచ్చే అవకాశమూ ఎక్కువ. దీన్నే విండో పీరియడ్ అంటారు. పైగా అదివరకే సుఖవ్యాధి పుండ్లున్న మనిషికి హెచ్‌ఐవీ తేలిగ్గా సోకుతుంది.

అందుకే దేశం మొత్తానికీ ఒక శాతం చెప్పి ఊరుకుంటే పెద్దగా చెప్పినట్టు కాదు. చెరువు నిండినంత మాత్రాన నీళ్లు అన్ని పొలాలకూ ఒక్కసారే పారవు, కాలువ ఎటు తీసి ఉంటే అటే వెళ్తాయి. హెచ్‌ఐవీ కూడా మనుషుల మధ్య ఉన్న కొన్ని కాలువల వెంటే నడిచింది. ఆ కాలువలేవో తెలిస్తేనే రేపు ఎటు పోతుందో చెప్పగలం.

మణిపూర్‌లో ఆరు నెలలు

సిరంజి దారి ఎంత వేగమైనదో తెలుసుకోవాలంటే మణిపూర్ చూడాలి. మయన్మార్ సరిహద్దు దాటి వచ్చే హెరాయిన్ అక్కడి కుర్రాళ్లకు సులువుగా దొరికేది. సిరంజి మాత్రం కొరత. ఒకదాన్నే నలుగురైదుగురు వాడుకునేవారు. 1989 సెప్టెంబరు దాకా అక్కడ మత్తు ఇంజెక్షన్లు తీసుకునేవారి రక్త నమూనాల్లో హెచ్‌ఐవీ కనపడలేదు. 1990లో, దాదాపు ఆరు నెలల వ్యవధిలోనే, పరీక్షించినవాళ్లలో సగం మంది పాజిటివ్. లైంగిక సంబంధాల దారిలో ఏళ్లు పట్టేది సూది దారిలో నెలల్లో అయిపోయింది.

అక్కడితో ఆగలేదు. మత్తుమందు ముట్టని భార్యలకు భర్తల ద్వారా చేరింది. మణిపూర్‌లో జరిగిన ఒక అధ్యయనంలో, హెచ్‌ఐవీ ఉన్న ఇలాంటి పురుషుల భార్యల్లో 45 శాతం మందికి సోకినట్టు తేలింది.

1996లో మణిపూర్ ప్రభుత్వం ధైర్యం చేసింది. మత్తు మానమని చెప్పి వదిలేయకుండా, మానలేనివాళ్లకు శుభ్రమైన సిరంజిలు అందించే పద్ధతిని విధానంగా ఒప్పుకుంది. సిరంజి ఇస్తే మత్తును ప్రోత్సహించినట్టేనని అభ్యంతరం చెప్పినవాళ్లు ఎక్కడికక్కడ ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. మనిషి బతికుంటేనే కదా మాన్పించేది అనేదే నా జవాబు.

భార్యల లెక్క

దక్షిణాదిన దారి వేరు. ఇక్కడ హెచ్‌ఐవీ ఎక్కువగా నడిచింది లైంగిక సంబంధాల వెంట, అందులోనూ రోజుల తరబడి ఇల్లు విడిచి తిరిగే పనుల వెంట. చెన్నై నుంచి కోల్‌కతా పోయే జాతీయ రహదారి ఒంగోలు, విజయవాడ, రాజమండ్రి, విశాఖ మీదుగా సాగుతుంది. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, వలస కూలీలు ఈ రోడ్ల మీద, వీటి పక్కన దాబాల దగ్గర బతికేవాళ్లు. వీళ్లను ఎయిడ్స్ నియంత్రణ భాషలో 'వారధి జనాభా' అంటారు. ఒకవైపు సెక్స్ వర్కర్లతో, మరోవైపు ఊళ్లో భార్యతో సంబంధం ఉన్నవాళ్లు కాబట్టి. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి మగవాళ్లు సూరత్ మిల్లులకు వలస పోతారు. ఆ జిల్లాలో హెచ్‌ఐవీ ఎక్కువగా కనపడటానికీ ఆ ప్రయాణానికీ సంబంధం ఉందని పరిశోధకులు పదేపదే చెప్పారు.

దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో దాదాపు 44 శాతం మంది స్త్రీలే. వాళ్లలో ఎక్కువమందికి జీవితంలో భర్త తప్ప మరో పురుషుడితో సంబంధం లేదు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో కౌన్సెలర్లను అడగండి, వాళ్లు చెప్పేది ఇదే. భర్తకు జబ్బు ముదిరాకో, భర్త పోయాకో, లేకపోతే మొదటి కాన్పుకు ఆసుపత్రికి వెళ్లినప్పుడో ఆమెకు తెలుస్తుంది. నింద మాత్రం చాలా ఇళ్లలో కోడలి మీదే పడుతుంది.

గర్భిణుల రక్తంతో దేశం లెక్క

నూటనలభై కోట్ల మందిలో ఎంతమందికి హెచ్‌ఐవీ ఉందో అందరినీ పరీక్షించకుండా ఎలా చెబుతారు? దీనికి సెంటినెల్ సర్వైలెన్స్ అనే పద్ధతి ఉంది. మన దేశంలో 1998 నుంచి పద్ధతి ప్రకారం సాగుతోంది. ఎంపిక చేసిన ప్రభుత్వాసుపత్రుల్లో మూడు నెలలపాటు, ఒక్కో చోట 400 మంది గర్భిణుల దాకా నమూనాలు తీసుకుంటారు. గర్భిణులే ఎందుకంటే, వాళ్లు జబ్బుతో రారు, కడుపుతో ఉన్నందుకు వస్తారు. కాబట్టి సాధారణ జనంలో పరిస్థితి ఎలా ఉందో వాళ్లను బట్టి కొంత తెలుస్తుంది.

ఆ మూడు నెలల్లో జరిగే తీరు ఇదీ. గర్భిణికి ఎలాగూ సిఫిలిస్ పరీక్షకు రక్తం తీస్తారు. అందులో మిగిలినది వేరే గొట్టంలోకి మార్చి, పేరు, ఓపీ నంబరు తీసేస్తారు. వయసు, చదువు, ఊరా పట్నమా, భర్త ఏం పని చేస్తాడు, ఇలాంటి కొద్ది వివరాలు మాత్రం ఒక కాగితం మీద ఉంటాయి. గొట్టం ల్యాబుకు వెళ్తుంది. పాజిటివ్ వస్తే అది ఎవరిదో ల్యాబుకూ తెలియదు, ఆసుపత్రికీ తెలియదు. ఆమెకూ తెలియదు. లెక్క నిక్కచ్చిగా రావడానికీ, ఎవరి గుట్టూ బయటపడకుండా ఉండటానికీ పెట్టిన నియమమది. అయినా ఆ ఒక్క గొట్టం వెనక ఉన్న తల్లిని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. తర్వాత్తర్వాత గర్భిణులందరికీ విడిగా, ఫలితం చెప్పే పరీక్ష కూడా అందుబాటులోకి రావడం పెద్ద మేలు.

గుంటూరు చెప్పిన నిజం

ప్రపంచంలో హెచ్‌ఐవీ బాధితులు అందరికన్నా ఎక్కువ ఉన్న దేశం భారతదేశమేనని 2006లో వార్త వచ్చింది. దక్షిణాఫ్రికాను దాటేశామన్నారు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ఎయిడ్స్ అప్పుడు వేసిన అంచనా 57 లక్షలు.

ఆ అంకె మీద గట్టి అనుమానం రేకెత్తించింది మన గుంటూరు జిల్లా. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన లలిత్ దండోనా బృందం 2004-05లో ఆ జిల్లాలో పల్లెలూ పట్నాలూ కలిపి 66 చోట్ల ఇంటింటికీ తిరిగి 12 వేలమందికి పైగా జనం రక్తాన్ని పరీక్షించింది. వేలి కొస నుంచి తీసిన చుక్కలను ప్రత్యేకమైన కాగితం మీద ఆరబెట్టి ల్యాబుకు పంపారు. సెంటినెల్ లెక్క ప్రకారం జిల్లాలో 15-49 ఏళ్ల వయసులో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు సుమారు లక్షా 12 వేలమంది ఉండాలి. ఇంటింటి సర్వేలో తేలింది సుమారు 46 వేలు. దాదాపు రెండున్నర రెట్లు తేడా.

ఎందుకింత తేడా వచ్చింది? గుంటూరు, విజయవాడ ప్రాంతంలో ప్రసవాలు చూసే ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లు ఎన్నో. అక్కడికి వచ్చిన గర్భిణికి హెచ్‌ఐవీ ఉందని తేలినా, అనుమానం వచ్చినా 'పెద్దాసుపత్రికి వెళ్లండమ్మా' అని పంపేసేవారు. దాంతో పాజిటివ్ కేసులు ప్రభుత్వాసుపత్రుల్లో పోగుపడ్డాయి. లెక్క తీసేది ప్రభుత్వాసుపత్రుల్లోనే. పైగా అక్కడికి వచ్చేది ఎక్కువగా పేదలు. సుఖవ్యాధుల క్లినిక్కుల నమూనాలను కూడా ఆ లెక్కలో కలిపేవారు. ఇవన్నీ చేరి అంకెను ఉబ్బించాయి. జబ్బు గురించిన లెక్కలో డాక్టర్ల భయం కూడా కలిసిపోయిందన్నమాట.

ఇదే సమయంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మూడో విడతలో, 2005-06లో, దేశమంతటా లక్షమందికి పైగా హెచ్‌ఐవీ పరీక్షలు చేశారు. జనంలోంచి నేరుగా తీసిన మొదటి జాతీయ లెక్క అది. అవన్నీ కలిపి చూసి 2007 జులైలో అంచనాను దాదాపు 25 లక్షలకు సవరించారు. ఒక్క రోజులో 30 లక్షలకు పైగా మనుషులు లెక్కలోంచి తగ్గిపోయారు. ఎవరికీ జబ్బు నయం కాలేదు, లెక్క సరిగ్గా వచ్చిందంతే.

అయితే గుంటూరు సర్వే ఇంకో మాట కూడా చెప్పింది. సరిచేసిన లెక్కలో కూడా ఆ జిల్లాలో హెచ్‌ఐవీ 1.8 శాతం దగ్గర ఉంది. వందమంది పెద్దల్లో దాదాపు ఇద్దరు. కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం కనపడింది, అప్పటి జాతీయ సగటు 0.28. ఉబ్బిన అంకె పోయినంత మాత్రాన మన రాష్ట్రానికి ఊరట ఏమీ దక్కలేదు.

పులిరాజా

2000ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ రోడ్ల మీద తిరిగినవాళ్లెవరికైనా ఆ బోర్డులు గుర్తుండే ఉంటాయి. 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' పులిరాజా ఎవరో, ఆ బోర్డు ఎవరు పెట్టారో మొదట్లో ఎవరికీ తెలియలేదు. టీకొట్ల దగ్గర, బస్సుల్లో అదే చర్చ. అసభ్యంగా ఉందని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. కానీ అంతకుముందు నోటితో పలకడానికే జంకిన మాటను ఊరంతా పలికేట్టు చేసింది ఆ ప్రచారమే. భయపెట్టే పుర్రె బొమ్మలు చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేసిందని నేను గట్టిగా నమ్ముతాను.

సోనాగాచిలో మొదలైంది

లెక్కల పొరపాటు సంగతి సరే, మరి జబ్బు నిజంగా తగ్గిందా? తగ్గింది. 2006లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2000-2004 మధ్య దక్షిణాది రాష్ట్రాల్లో, మహారాష్ట్రను కూడా కలుపుకుని, 15-24 ఏళ్ల గర్భిణుల్లో హెచ్‌ఐవీ 1.7 శాతం నుంచి 1.1 శాతానికి దిగింది. పాతికేళ్ల లోపు వయసులో సోకి ఉంటే అది కొత్తగా సోకిందే అయ్యుంటుంది కదా. అందుకే ఆ వయసు అంకె తగ్గడం అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు.

తగ్గడానికి కారణం వెతికితే దారి కోల్‌కతాలోని రెడ్‌లైట్ ప్రాంతం సోనాగాచికి వెళ్తుంది. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడ పని మొదలుపెట్టినప్పుడు ఒక సంగతి గ్రహించారు. కండోమ్ వాడాలని సెక్స్ వర్కర్‌కు చెప్పడం తేలిక. వాడనన్న విటుడిని వెనక్కి పంపే శక్తి ఆమెకు ఉందా? పక్క గదిలో ఇంకొకరు ఒప్పుకుంటే ఆ రోజు ఆమె పిల్లలకు తిండి ఉండదు. అందరూ ఒక్కమాట మీద నిలబడితేనే కండోమ్ సాధ్యం. అలా సెక్స్ వర్కర్లే తోటివాళ్లకు చెప్పే పద్ధతి వచ్చింది. 1995లో వాళ్లే దుర్బార్ మహిళా సమన్వయ కమిటీగా ఏర్పడ్డారు, సొంతంగా సహకార బ్యాంకు పెట్టుకున్నారు. ముంబయి రెడ్‌లైట్ ప్రాంతాల్లో సగం మంది దాకా సోకిన రోజుల్లో కూడా సోనాగాచిలో అది ఆ స్థాయికి పోలేదు.

ఆ పద్ధతే తర్వాత దేశమంతా వ్యాపించింది. 2003లో బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ 'ఆవాహన్' పేరుతో ఆరు రాష్ట్రాల్లో పని మొదలుపెట్టింది, అందులో మనదీ ఒకటి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో నిబంధన ప్రకారం సుమారు 60 మంది సెక్స్ వర్కర్లకు ఒక పీర్ ఎడ్యుకేటర్ ఉంటుంది. వాళ్లలో ఒకరే. ఎవరు ఏ బస్టాండు దగ్గర నిలబడతారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరిని నిన్న పోలీసులు కొట్టారో ఆమెకు తెలుసు. సంచిలో కండోమ్‌లు పెట్టుకుని రోజూ తిరిగేది ఆమె. 2002లో అంచనాలు కట్టినవాళ్ల గణితంలో ఆమెకు చోటు లేదు.

రక్తం, కాన్పు

ఒకప్పుడు డబ్బు కోసం రక్తం అమ్ముకోవడమే వృత్తిగా బతికేవాళ్లు ఉండేవారు. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి అది దేశమంతటా నిషిద్ధమైంది. పదివేలకు 9,250 ప్రమాదమున్న దారిని మూయడంలో ఈ తీర్పు పాత్ర పెద్దది.

ఇక కాన్పు దారి. ఏ మందూ లేకపోతే పాజిటివ్ తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లికీ బిడ్డకూ సకాలంలో మందులు పడితే 5 శాతం కన్నా తక్కువ.

మందే అడ్డుగోడ

2001కి ముందు హెచ్‌ఐవీ మందుల ఖరీదు ఒక మనిషికి ఏడాదికి పదివేల డాలర్లకు పైమాటే. ఆ ఏడాది ఫిబ్రవరిలో సిప్లా అధినేత యూసుఫ్ హమీద్ మూడు మందుల కోర్సును ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామన్నారు. రోజుకు ఒక డాలరు కూడా కాదు. తర్వాత మన హైదరాబాద్ కంపెనీలు హెటెరో, అరబిందో, లారస్ ఈ మందుల తయారీలో ప్రపంచస్థాయికి చేరాయి. ఆఫ్రికాలో మారుమూల క్లినిక్‌లో ఇచ్చే మాత్ర వెనక జీడిమెట్ల, పాశమైలారం లాంటి చోట్ల పనిచేసే మన ఊళ్ల కుర్రాళ్ల షిఫ్టులు ఉండటం నాకు గర్వంగా అనిపిస్తుంది.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న ఎనిమిది కేంద్రాల్లో మొదలైంది. ఇప్పుడు 16 లక్షలమందికి పైగా వాడుతున్నారు. మొదట్లో ఒంటికి రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు బాగా పడిపోయినవాళ్లకే మందు ఇచ్చేవారు. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా, పాజిటివ్ అని తేలిన వెంటనే మొదలుపెడుతున్నారు.

ఈ మార్పుకు బలమైన ఆధారం 2011లో దొరికింది. హెచ్‌పీటీఎన్ 052 అనే పరిశోధనలో తొమ్మిది దేశాల నుంచి 1,763 జంటలు పాల్గొన్నాయి, చెన్నై, పుణె జంటలతో సహా. జంటలో ఒకరు పాజిటివ్, మరొకరు నెగిటివ్. పాజిటివ్ మనిషికి ముందుగానే మందు మొదలుపెడితే జతగాడికి లేదా జతగత్తెకు సోకడం 96 శాతం తగ్గింది. వైరల్ లోడ్ పరీక్షలో దొరకనంతగా వైరస్ అణిగి ఉంటే లైంగికంగా ఇతరులకు సోకదని ఆ తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. ఇందాకటి మూడు ప్రశ్నల్లో మూడోది గుర్తుంది కదా, ఎంతకాలం అంటించే స్థితిలో ఉంటాడు అన్నది. ఏళ్ల తరబడి ఉన్న ఆ కాలాన్ని కొన్ని నెలలకు కుదించింది మాత్రే. రోగి ప్రాణం కాపాడే మందే దేశంలో వ్యాప్తినీ ఆపుతోంది.

సంఖ్య పెరిగితే మంచిదా?

2019లో దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు 23.49 లక్షలు. 2023లో 25.44 లక్షలు. అంటే జబ్బు ముదురుతోందా? కాదు. అదే కాలంలో ఏటా చనిపోయేవాళ్లు 58,960 నుంచి 35,866కు తగ్గారు. కొత్తగా సోకేవాళ్లు 2010తో పోలిస్తే 44 శాతం తగ్గారు. మనుషులు చనిపోకుండా బతుకుతున్నారు కాబట్టి మొత్తం పెరిగింది. పత్రికల్లో ఏటా డిసెంబరు 1న మొత్తం అంకె ఒక్కటే వేసి గుండెలు అదరగొట్టే శీర్షికలు పెడుతుంటారు. ఆ పక్కనే కొత్త కేసులు, మరణాలు కూడా వేయాలి. ఈ అంచనాలకు అటూఇటూ హద్దులుంటాయన్న సంగతి కూడా చెప్పాలి. ఉదాహరణకు 2021లో 24.01 లక్షలు అన్నప్పుడు దాని అసలు అర్థం 19.92 లక్షలకూ 29.07 లక్షలకూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చని.

కొత్తగా సోకేవాళ్ల విషయంలో మాత్రం నిశ్చింతగా ఉండలేం. 2023లో 68,451 మంది. 2019లో 69,220. నాలుగేళ్లలో దాదాపు అక్కడే ఆగిపోయాం.

రేపటి దారులు

2023 లెక్కల్లో జాతీయ సగటు 0.20 శాతం. మిజోరంలో 2.73, నాగాలాండ్‌లో 1.37, మణిపూర్‌లో 0.87, ఆంధ్రప్రదేశ్‌లో 0.62, తెలంగాణలో 0.44. శాతంలో ఈశాన్యం ముందుంది. తలల లెక్కలో చూస్తే మహారాష్ట్ర తర్వాత ఆంధ్రప్రదేశే, సుమారు 3.2 లక్షలమంది. వీళ్లలో చాలామంది ఇరవై ఏళ్ల నాటి ఉప్పెనలో సోకినవాళ్లు, ఇప్పుడు మందుతో నిలకడగా ఉన్నవాళ్లు. మనకు ఇకమీదట వీళ్ల వృద్ధాప్యం, బీపీ, షుగరు కూడా చూసుకునే ఏఆర్‌టీ సెంటర్లు కావాలి. మిజోరంలో, పంజాబ్‌లో కావలసింది వేరు. అక్కడ సిరంజి దారి మళ్లీ తెరుచుకుంది.

ఫోన్ ఇంకో దారి తెరిచింది. ఒకప్పుడు పీర్ ఎడ్యుకేటర్ బస్టాండుకో, లాడ్జికో వెళ్తే కలవాల్సినవాళ్లు కలిసేవారు. ఇప్పుడు పరిచయాలు యాప్‌లలో జరుగుతున్నాయి. చోటు తెలియనప్పుడు సంచి పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి? నాకో ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే వాళ్లను పలకరించే ప్రయత్నాలు చేస్తోంది.

ఇవన్నీ ఒక ఎత్తు. దేశంలో హెచ్‌ఐవీ ఉన్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి తమకు ఉన్నట్టే తెలియదు. తెలిసి మందు వాడేవాళ్లలో నూటికి 97 మందికి వైరస్ అణిగి ఉంది. కాబట్టి ఇకమీదట వ్యాప్తి ఎక్కువగా జరిగేది ఇంకా తెలియనివాళ్ల నుంచి, తెలిసినా మందు మొదలుపెట్టనివాళ్ల నుంచి, మధ్యలో మానేసినవాళ్ల నుంచి.

పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లోని కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాల్లో (ఐసీటీసీల్లో) ఉచితం. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, తర్వాత కాస్త రక్తం తీస్తారు, చాలాచోట్ల అదే రోజు ఫలితం చెబుతారు. సందేహాలకు 1097 ఉచిత నంబరు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయడం, బడిలో చేర్చుకోకపోవడం, ఇల్లు అద్దెకివ్వకపోవడం ఆ చట్టం కింద నిషిద్ధం.